కాంబియో అంటే చిల్లరా, మారకపు రేటా, గేరా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో స్పానిష్ నేర్పుతాను, మిగతా టైములో అనువాదాలు చేస్తాను. క్లాసులో ఏ బ్యాచ్ వచ్చినా రెండో నెల దాటేసరికి ‘కాంబియో’ అనే ఈ మాట దగ్గర ఆగిపోతారు. డిక్షనరీ తీస్తే ఇరవై అర్థాలు కనపడతాయి, ఏది పట్టుకోవాలో తెలియదు. అందుకని వాళ్ళు అడిగినవి, నాకు పనిలో ఎదురైనవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. స్పానిష్ అసలు రానివాళ్ళు కూడా చదవొచ్చు, ఎందుకంటే ఇందులో సగం డబ్బు గురించి, సగం యంత్రాల గురించి.

ముందు సూటిగా చెప్పండి, కాంబియో అంటే ఏమిటి?

మార్పు. అంతే. ఒకటి పోయి దాని స్థానంలో ఇంకొకటి రావడం. డాలర్ పోయి మెక్సికో డబ్బు పెసో వస్తే అది కాంబియో, పెద్ద నోటు పోయి చిన్న నోట్లు వస్తే అది కూడా కాంబియో, రెండో గేరు పోయి మూడో గేరు పడితే అదీ కాంబియోయే. ఇది మనకు వింతగా అనిపించక్కర్లేదు. మన బస్సులో కండక్టర్ ‘చేంజ్ ఇవ్వండి’ అంటాడు, మెకానిక్ ‘ఆయిల్ చేంజ్ చేయాలి సార్’ అంటాడు, మనం ఒక్కసారి కూడా తికమకపడం. అచ్చ తెలుగులోనూ అంతే, ‘మారు’ అనే ఒక్క ధాతువు నుంచే మార్పు వచ్చింది, మారకం వచ్చింది, పేపర్లో రోజూ చూసే ‘విదేశీ మారకద్రవ్యం’ కూడా వచ్చింది. స్పానిష్‌వాళ్ళకు ఈ పనులన్నిటికీ మాట ఒక్కటే, తేడా అంతా దాని పక్కన కూర్చున్న మాటలో ఉంటుంది. ఈ పేజీ మొత్తంలో నేను చెప్పేది కూడా అదే, ఒక్కో చోట ఒక్కోలా.

ఎలా పలకాలి? కాం-బి-యో అని మూడు ముక్కలా?

రెండే ముక్కలు: కామ్-బ్యో. ఒత్తు మొదటి ముక్క మీద పడాలి. నేను తెలుగులో చదవడానికి వీలుగా కాంబియో అని రాస్తున్నాను గానీ నోటితో అనేటప్పుడు కాంబ్యో అనండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. చివరి అక్షరం మీద చిన్న గీత పెట్టి, ఒత్తు చివరికి తోసి ‘కాంబ్యో’లో యో గట్టిగా పలికితే అది నామవాచకం కాదు, ‘మారింది’ లేదా ‘మార్చాడు’ అనే క్రియ అయిపోతుంది. గీత లేకపోతే ‘మార్పు’ గానీ ‘నేను మారుస్తాను’ గానీ. వాట్సాప్‌లో స్పానిష్‌వాళ్ళు ఆ గీత పెట్టరు, పెద్దక్షరాల్లో రాసిన బోర్డుల మీద కూడా చాలాసార్లు ఎగిరిపోతుంది, అప్పుడు వాక్యం మొత్తం చదివితే తప్ప తెలియదు.

ఈ మాట ఎక్కడిది? లాటినా?

లాటిన్ ద్వారా వచ్చింది, కానీ పుట్టుక లాటిన్‌ది కాదు. ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో ఒకప్పుడు ఉన్న గాల్ జనం భాష కెల్టిక్ కుటుంబానిది, అక్కణ్ణుంచి చివరికాలపు లాటిన్‌లోకి ఎక్కిందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అదే మాట ఫ్రెంచి దారిలో నలిగి ఇంగ్లీషులోకి వెళ్ళి ‘చేంజ్’ అయింది, ‘ఎక్స్చేంజ్’ కూడా అయింది. అంటే మన కండక్టర్ అడిగే చేంజ్, మెక్సికో కొట్లో అడిగే కాంబియో ఒకే తల్లి పిల్లలు.

కొట్లో చిల్లర అడగాలంటే ఏమనాలి?

‘తియెనె కాంబియో?’ అంటే చిల్లర ఉందా అని. ‘కాంబియో దె బెయింతె’ అంటే ఇరవై నోటుకు చిల్లర. స్పెయిన్‌లో మనకు తిరిగి ఇచ్చే డబ్బును ‘లా బుఎల్తా’ అని కూడా అంటారు, తిరిగి రావడం అనే అర్థంలో. సైకిల్ పందేల అభిమానులకు ఆ మాట తెలిసే ఉంటుంది, 1935లో మొదలైన ‘బుఎల్తా అ ఎస్పాన్యా’ పేరులో ఉన్నది అదే, దేశం చుట్టి రావడం. దక్షిణ అమెరికా వైపు ఎక్కువగా ‘బుఎల్తో’ అంటారు. విడి నాణేలు కావాలంటే ‘సుఎల్తో’, పెరూ, చిలీ వైపు ‘సెన్సియో’. ఇవన్నీ తెలియకపోయినా ఫరవాలేదు, కాంబియో అంటే ఎక్కడైనా అర్థం చేసుకుంటారు.

మిగిలింది ఉంచుకోండి అనాలంటే ‘కేదెసె కొన్ ఎల్ కాంబియో’.

కాసా దె కాంబియో బోర్డు మీద రెండు రేట్లు ఉంటాయి, ఏది నాది?

కాసా అంటే ఇల్లు, కాసా దె కాంబియో అంటే కరెన్సీ మార్చే కొట్టు. బోర్డు మీద ‘కొంప్రా’, ‘బెంతా’ అని రెండు వరసలు ఉంటాయి. కొంప్రా అంటే కొనడం, బెంతా అంటే అమ్మడం. ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. పెసోలు కొంటున్నాను కాబట్టి కొంప్రా చూడాలి అనుకుంటారు. కాదు, అవి మీ వైపు నుంచి రాసినవి కావు, కొట్టువాడి వైపు నుంచి రాసినవి. మీ చేతిలో డాలర్లు ఉంటే వాటిని అతను కొంటాడు, కాబట్టి మీది కొంప్రా వరస. అది ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది.

ఒక లెక్క చూడండి, అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవే. మెక్సికోలో బోర్డు మీద కొంప్రా 17.20, బెంతా 18.10 ఉందనుకోండి. మీరు 200 డాలర్లు ఇస్తే 3,440 పెసోలు వస్తాయి. ఐదు నిమిషాల్లో మనసు మార్చుకుని ఆ 3,440 తిరిగి ఇచ్చి డాలర్లు అడిగితే 18.10 చొప్పున 190 డాలర్లు మాత్రమే వస్తాయి. పది డాలర్లు గోడకు కొట్టిన సున్నం. ‘కమీషన్ లేదు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న చోట కమీషన్ దాక్కునేది ఈ రెండు వరసల మధ్య సందులోనే, కాబట్టి ఆ సందు ఎంత అని చూడండి, రాతను కాదు. విమానాశ్రయంలో ఆ సందు మామూలుగా ఊళ్ళో కంటే ఎక్కువ ఉంటుంది, ట్యాక్సీకి సరిపడా మార్చుకుని బయటపడండి.

అంకెలు రాసే తీరు కూడా గమనించండి. మెక్సికోలో దశాంశానికి మనలాగే చుక్క పెడతారు. స్పెయిన్‌లో, అర్జెంటీనాలో కామా పెడతారు, వేలకు చుక్క. అక్కడ 1.250 అంటే పన్నెండు వందల యాభై.

ఏటీఎంలో రూపాయల్లో కట్టమంటారా అని అడుగుతోంది, సరే అననా?

వద్దు. స్పెయిన్‌లో మీ భారతీయ కార్డు పెడితే ఏటీఎం గానీ హోటల్లో కార్డు మెషీన్ గానీ ‘తీపో దె కాంబియో అప్లికాదో’, అంటే మేము వేసే మారకపు రేటు ఇదీ అని చూపించి, రూపాయల్లోనే తీసుకుంటాం అంటుంది. చూడ్డానికి మేలు చేస్తున్నట్టే ఉంటుంది. కానీ ఆ రేటు వేసేది ఆ మెషీన్ నడిపేవాళ్ళు, దాంట్లో వాళ్ళ లాభం కలిపే ఉంటుంది. ‘సిన్ కొన్‌బెర్సియోన్’ అని ఉన్న బటన్ నొక్కండి, మార్చకుండా యూరోల్లోనే తీసుకోమని. అప్పుడు మీ కార్డు నెట్‌వర్క్ రేటు పడుతుంది, మీ బ్యాంకు ఛార్జీ ఏదైనా ఉంటే అది ఎలాగూ ఉంటుంది.

తీపో దె కాంబియో, తాసా దె కాంబియో రెండూ ఒకటేనా?

ఒకటే, మారకపు రేటు. స్పెయిన్, మెక్సికో, అర్జెంటీనాలో తీపో, కొలంబియా వైపు తాసా ఎక్కువ. ఈ మాట ఆ దేశాల్లో ఆర్థిక శాఖ గోడల మధ్య ఉండిపోయే మాట కాదు, ఇంట్లో అమ్మలు మాట్లాడుకునే మాట. స్పెయిన్‌లో పెద్దవాళ్ళకు 166.386 అనే అంకె ఇప్పటికీ నోటికి వస్తుంది, ఒక యూరోకు అన్ని పెసెతాలని స్థిరంగా కట్టిన తీపో దె కాంబియో అది. 2002 జనవరి 1న యూరో నోట్లు చేతికొచ్చాయి, పాత పెసెతాలను స్పెయిన్ కేంద్ర బ్యాంకు 2021 జూన్ 30 దాకా మార్చి ఇచ్చింది. ఈక్వడార్ అయితే 2000లో తన సుక్రేను వదిలేసి డాలర్‌నే పెట్టుకుంది, ఒక డాలర్‌కు 25,000 సుక్రేలు లెక్కన.

అర్జెంటీనా వీడియోల్లో వీధిలో ‘కాంబియో, కాంబియో’ అని అరుస్తుంటారు, వాళ్ళెవరు?

బ్యూనస్ ఐరిస్‌లో ఫ్లోరిదా వీధి. నడిచేవాళ్ళకు మాత్రమే వదిలిన బజారు అది. అక్కడ అడుగడుగునా నిలబడి కాంబియో అని పిలిచేవాళ్ళను ‘అర్బోలీతో’ అంటారు, చిన్న చెట్టు అని. కదలకుండా ఒక్కచోటే నిలబడతారు, పచ్చనోట్లు వాళ్ళ ఆకులు. వాళ్ళు మిమ్మల్ని తీసుకెళ్ళేది ‘కుఎబా’కి, గుహ అని అర్థం, పైకి ఇంకేదో కొట్టులా కనిపించే చాటు మారకం కొట్టు.

ఇది ఎందుకొచ్చిందంటే, అక్కడివాళ్ళకు సొంత డబ్బు మీద నమ్మకం పోయి చాలా ఏళ్ళయింది. 1991లో ఒక పెసోకు ఒక డాలర్ అని చట్టం చేసి కట్టేశారు, పదేళ్ళు నడిచింది, 2002 మొదట్లో అది కూలిపోయి జనం దాచుకున్నదంతా కరిగిపోయింది. ఆ దెబ్బ తిన్నవాళ్ళు చేతికి డబ్బు రాగానే డాలర్ కొని పరుపు కింద దాచడం అలవాటు చేసుకున్నారు. మన ఇళ్ళల్లో జీతం రాగానే అరకాసు బంగారం కొనిపెట్టే అమ్మలు గుర్తొస్తారు నాకు, కారణం ఒకటే, కాగితం కరిగిపోతుందనే భయం. 2011 చివర్లో ప్రభుత్వం డాలర్ కొనడం మీద ఆంక్షలు పెట్టింది, జనం దానికి పెట్టిన పేరు ‘సేపో కాంబియారియో’. సేపో అంటే వెనకటి రోజుల్లో ఖైదీ కాళ్ళకు బిగించే కొయ్య, ఈ రోజుల్లో నో పార్కింగ్‌లో పెట్టిన కారు చక్రానికి పోలీసులు వేసే ఇనప తాళం. చూశారా, ఇది కూడా డబ్బు మాట, యంత్రం మాట రెండూ. 2015 డిసెంబర్‌లో ఆ తాళం తీశారు, 2019లో మళ్ళీ వేశారు, 2025 ఏప్రిల్‌లో మామూలు మనుషుల వరకు తీసేశారు.

తాళం ఉన్న రోజుల్లో ఒక డాలర్‌కు ఒక రేటు ఉండేది కాదు. బ్యాంకు రేటు ఒకటి, వీధి రేటు ఒకటి, ఆ వీధి డాలర్ పేరు ‘బ్లూ డాలర్’. సోయా ఎగుమతిదారులకు ఒక రేటు పెట్టి దాన్ని సోయా డాలర్ అన్నారు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు ముందు విదేశాల్లో కార్డు ఎక్కువ గీకేవాళ్ళకు ఇంకో రేటు, దాన్ని ఖతార్ డాలర్ అన్నారు. 2023 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం అధికారిక రేటును దాదాపు 366 నుంచి ఒక్కసారిగా 800 పెసోలకు మార్చేసింది. ఇంత అనుభవించినవాళ్ళకు కాంబియో అనే మాటలో డిక్షనరీ అర్థం కంటే టెన్షన్ ఎక్కువ వినపడుతుంది, అర్జెంటీనా వార్తలు అనువదించేటప్పుడు నేను ఇది మర్చిపోను.

లేత్రా దె కాంబియో అంటే ‘మారకపు అక్షరం’ అని వచ్చింది, ఇదేం మాట?

లేత్రాకు అక్షరం అనే కాదు, రాసిన పత్రం అనే అర్థం కూడా ఉంది. లేత్రా దె కాంబియో అంటే బిల్ ఆఫ్ ఎక్స్చేంజ్. ఫలానా తేదీన ఫలానావారికి ఇంత చెల్లించు అని ఒకరు ఇంకొకరికి రాసే ఆజ్ఞాపత్రం. మనకు దగ్గరి మాట హుండీ. ఇప్పుడు హుండీ అంటే తిరుమలలో కానుకలు వేసేది అనే అనుకుంటాం గానీ, మన షావుకార్లు ఒక ఊళ్ళో డబ్బు కట్టి ఇంకో ఊళ్ళో తీసుకోవడానికి రాసుకున్న కాగితం కూడా హుండీయే. స్పెయిన్‌లో దీనికి 1985 నాటి చట్టం ఉంది, మన దగ్గర 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఉంది.

దీని వెనక చరిత్ర నాకు చాలా ఇష్టం, కాబట్టి కొంచెం ఆగుతాను. స్పెయిన్ నడిబొడ్డున మెదీనా దెల్ కాంపో అనే ఊరు ఉంది. 15, 16 శతాబ్దాల్లో అక్కడి జాతరల్లో ఉన్ని, బట్టలతో పాటు ఈ లేత్రాలు కూడా చేతులు మారేవి, యూరప్ నలుమూలల వర్తకులు అక్కడికొచ్చి బాకీలు తేల్చుకునేవారు. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి నిషేధించింది. కానీ ఒక దేశం డబ్బును ఇంకో దేశం డబ్బుతో మార్చుకోవడం పాపం కాదు. దాంతో వర్తకులు అప్పును మారకం రూపంలో రాసుకున్నారు. ఇక్కడ ఒక లేత్రా రాసి ఇంకో ఊరికి పంపు, అక్కణ్ణుంచి ఇంకో లేత్రా తిరిగి వస్తుంది, పోయిన రేటుకీ వచ్చిన రేటుకీ మధ్య తేడాయే వడ్డీ. దీన్ని ‘కాంబియో, రెకాంబియో’ అన్నారు. కొందరు ఆ కాగితం ఎక్కడికీ పంపకుండానే పంపినట్టు రాసుకునేవారు. దానికి ‘కాంబియో సేకో’ అని పేరు, పొడి మారకం. 1571లో పోప్ ఐదో పయస్ దాన్ని ఖండిస్తూ ఆజ్ఞ జారీ చేశాడు.

ఆ కాలంలోనే మార్తీన్ దె అస్పిల్‌కుఎతా అనే మతాచార్యుడు 1556లో కాంబియోల గురించి ఒక వ్యాఖ్యానం అచ్చు వేశాడు. ఏ కాంబియో న్యాయం, ఏది పాపం అని తేల్చడం ఆయన పని. ఆ పనిలో ఆయన ఒక మాట గమనించాడు: అమెరికా ఖండం నుంచి బంగారం, వెండి వచ్చి పడ్డాక స్పెయిన్‌లో వస్తువులూ కూలీ ఖరీదయ్యాయి, డబ్బు తక్కువగా దొరికే ఫ్రాన్స్‌లో అన్నీ చౌక. డబ్బు ఎక్కువైతే దాని విలువ తగ్గుతుందని అంత స్పష్టంగా రాసిన తొలివాళ్ళలో ఆయన ఒకడు. పాపపుణ్యాల లెక్క చూడబోయి ఆర్థికశాస్త్రం దగ్గర తేలాడు.

ఇంకొకటి. స్పెయిన్‌లో ఎవరైనా ‘లా లేత్రా దెల్ కోచె’ అంటే కారు మీద అక్షరం కాదు, కారు నెలవారీ వాయిదా, మన ఈఎంఐ.

కారు అద్దెకు తీసుకుంటుంటే ‘కాంబియో మాన్యుఅల్’ అని ఉంది. డబ్బు చేత్తో కట్టాలా?

కాదు, గేర్లు చేత్తో వేయాలని! ఆటోమేటిక్ అయితే ‘కాంబియో ఔతోమాతికో’ అని రాసి ఉంటుంది. స్పెయిన్‌లో గేరుబాక్సును ‘కాహా దె కాంబియోస్’ అంటారు, గేరు రాడ్డును ‘పలాంకా దె కాంబియోస్’ అంటారు. కాహా అంటే పెట్టె. తమాషా ఏమిటంటే కాహా కూడా డబ్బు మాటే, కొట్లో గల్లాపెట్టె కాహాయే, స్పెయిన్‌లో ఒకప్పుడు ఊరూరా ఉన్న పొదుపు బ్యాంకులు కూడా కాహాలే. అంటే గల్లాపెట్టెకు వాడే మాట ఒకటి, చిల్లరకు వాడే మాట ఒకటి, రెండూ కలిపితే గేరుబాక్సు అవుతుంది. కంప్యూటర్ అనువాదాలు ఒకప్పుడు దీన్ని ‘మార్పుల పెట్టె’ అని రాసేవి.

ఒక్కో గేరును మాత్రం స్పెయిన్‌లో ‘మార్చా’ అంటారు, ‘ప్రిమేరా’ మొదటిది, ‘మార్చా అత్రాస్’ రివర్స్. మెక్సికోలో గేరుబాక్సును ‘త్రాన్స్‌మిసియోన్’ అంటారు ఎక్కువగా. సైకిలు దగ్గరికొస్తే వెనక చక్రం దగ్గర చెయిన్‌ను ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకు తోసే ముక్కే ‘కాంబియో’, ముందు వైపు ఉండే దానికి స్పెయిన్‌లో వేరే పేరు, ‘దెస్‌బియాదోర్’.

‘బాహా ఉన్ కాంబియో’ అని ఒకతను నాతో అన్నాడు, నేను బండి నడపడం లేదు కదా?

అతను అర్జెంటీనా మనిషి గానీ ఉరుగ్వే మనిషి గానీ అయ్యుంటాడు. ఒక గేరు తగ్గించు అని దాని అర్థం, అంటే కొంచెం చల్లబడు, తొందరపడకు. స్నేహితులు అంటే చనువుగా ఉంటుంది, గొడవలో అంటే కోపం తెప్పిస్తుంది.

రైళ్ళలో కూడా కాంబియో ఉందట?

ఉంది, రెండు రకాలుగా. పట్టాలు చీలే చోట రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు తిప్పే ఏర్పాటును ‘కాంబియో దె అగూహాస్’ అంటారు, సూదుల మార్పు అని, మన రైల్వేవాళ్ళు పాయింట్లు అనేది దాన్నే.

రెండోది ఇంకా గొప్పది, ‘కాంబియో దె ఆంచో’, వెడల్పు మార్పు, అంటే గేజ్ మార్పు. స్పెయిన్ 1844లో తన రైలు పట్టాల మధ్య ఆరు కాస్తీలియా అడుగుల (అక్కడి పాత కొలత) వెడల్పు పెట్టుకుంది, ఇప్పుడది 1,668 మిల్లీమీటర్లు. పక్కనున్న ఫ్రాన్స్ 1,435. సరిహద్దులో 233 మిల్లీమీటర్ల తేడా, జనమంతా దిగి వేరే రైలు ఎక్కాలి. దీనికి టాల్గో అనే స్పెయిన్ రైళ్ళ కంపెనీవాళ్ళు ఒక ఉపాయం చేశారు. రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు లేకుండా, విడివిడిగా తిరిగే చక్రాలు పెట్టారు. గేజ్ మారే చోట ఒక షెడ్డు ఉంటుంది, పేరు ‘కాంబియాదోర్’. రైలు నెమ్మదిగా అందులోంచి వెళుతుంటే బోగీ బరువును పక్కనున్న ఆధారాలు మోస్తాయి, చక్రం మీద భారం పోతుంది, తాళం వీడుతుంది, వాలుగా ఉన్న పట్టీలు చక్రాన్ని లోపలికో బయటికో జరుపుతాయి, మళ్ళీ తాళం పడుతుంది. రైలు ఆగదు, ఎవరూ దిగరు. 1969 నుంచి బార్సిలోనా, జెనీవా మధ్య ఇలా నడిచింది. 1992లో మాద్రిద్, సెవిల్యా మధ్య హైస్పీడ్ లైను 1,435తోనే వేశారు కాబట్టి ఆ తర్వాత ఈ అవసరం స్పెయిన్ లోపల కూడా వచ్చింది.

మనకు సంబంధం ఏమిటంటారా? మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, స్పెయిన్ పాత గేజ్‌కీ దీనికీ ఎనిమిది మిల్లీమీటర్లే తేడా. అర్జెంటీనా పెద్ద లైన్లు కొన్ని అచ్చంగా మన 1,676 మీదే నడుస్తాయి, అక్కడ వేసింది కూడా ఎక్కువగా బ్రిటిష్ కంపెనీలే. 2016లో టాల్గో బోగీలు తెచ్చి మన రైల్వే మధుర, పల్వల్ మధ్య గంటకు 180 కిలోమీటర్ల వేగంతో నడిపి చూసింది కూడా. ఆ వార్తలు చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది కాంబియాదోరే. మీటరుగేజ్ నుంచి బ్రాడ్‌గేజ్‌కు మారే స్టేషన్లో మూటాముల్లె దింపుకుని ప్లాట్‌ఫారం మారిన తరం మనది, ఆ షెడ్డు విలువ మనకు చెప్పక్కర్లేదు.

వైర్‌లెస్‌లో మాట చివర కాంబియో అంటారెందుకు?

నేను చెప్పడం అయింది, ఇక నువ్వు మాట్లాడు అని. ఇంగ్లీషులో ‘ఓవర్’ అనేదానికి ఇది. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు వినాల్సిందే కదా, వంతు మారడమే ఇక్కడ కాంబియో.

అనువాదంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఏది?

‘కొంత్రోల్ దె కాంబియోస్’. ఇందులో అక్షరం కూడా తేడా లేకుండా డబ్బు అర్థం, సాంకేతిక అర్థం రెండూ ఉన్నాయి. ఆర్థికంలో విదేశీ మారకద్రవ్యం మీద ప్రభుత్వ నియంత్రణ, 1973 నాటి మన ఫెరా చట్టం లాంటిది. ఆఫీసులో మాత్రం మార్పుల నియంత్రణ, ఒక పత్రంలోనో డిజైన్‌లోనో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసి పెట్టడం. వర్డ్ సాఫ్ట్‌వేర్ స్పానిష్‌లో పెట్టుకుంటే దిద్దుబాట్లు రంగులో చూపించే బటన్ పేరు కూడా ఇదే.

నేను పని మొదలుపెట్టిన కొత్తలో ఒక విడిభాగాల తయారీ సంస్థ పత్రం వచ్చింది. మొదటి పేజీలో ధరలు యూరోల్లో, చెల్లింపు గడువులు, రెండో పేజీలో ఈ శీర్షిక. డబ్బు మాటల వేడిలో ఉన్నాను, ‘విదేశీ మారక నియంత్రణ’ అని రాసేశాను. దాని కింద ఉన్న పట్టికలో వెర్షన్ నంబరు, తేదీ, సంతకం గడులు ఉన్నాయి, అవి ఖాళీగా ఉండటంతో నేను పట్టించుకోలేదు. అవతలి ఇంజనీరు ఫోన్ చేసి ఈ పత్రానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి ఏమైనా కావాలా అని నిజంగానే అడిగాడు. ఆ రాత్రి కూర్చుని మొత్తం మళ్ళీ చూసి పంపాను. అప్పట్నుంచి శీర్షికను ఎప్పుడూ చివర్లో అనువదిస్తాను, కింద ఏముందో చదివాకే.

మరి ఎలా గుర్తుపట్టాలి?

మొదట పక్క మాట చూడండి. కాసా, తీపో, లేత్రా, దివీసా (విదేశీ కరెన్సీ), దోలార్ ఉంటే డబ్బు. కాహా, పలాంకా, మార్చా, ఎంబ్రాగె (క్లచ్చు) ఉంటే బండి. అసెయితె ఉంటే ఆయిల్ మార్చడం. గుఅర్దార్ ఉంటే కంప్యూటర్, మార్పులు సేవ్ చేయాలా అని అడుగుతోంది.

తర్వాత ఏకవచనమా బహువచనమా చూడండి. డబ్బు మాటలు ఎక్కువగా ఏకవచనం, తీపో దె కాంబియో, కాసా దె కాంబియో. కాహా దె కాంబియోస్ లాంటి గేరు మాటలు బహువచనం, చివర స్ ఉంటుంది. ఇది కంఠస్థం చేయాల్సిన సూత్రం కాదు, పైన చెప్పిన కొంత్రోల్ దె కాంబియోస్ దీన్ని అప్పుడే కొట్టేసింది, కానీ సందేహంలో ఉన్నప్పుడు ఒక చేయి అందిస్తుంది.

గట్టి గుర్తు ఇంకొకటి ఉంది. ‘కాంబియారియో’ అనే విశేషణం కనపడితే ఇక అనుమానం అక్కర్లేదు, అది డబ్బు మాటే, ఎక్కువగా విదేశీ మారకం, చట్టాల్లో అయితే లేత్రా దె కాంబియో కూడా కావొచ్చు. మెర్కాదో కాంబియారియో అంటే మారకపు మార్కెట్టు, పొలీతికా కాంబియారియా అంటే మారకపు విధానం. గేరుబాక్సుకు ఆ విశేషణం ఎవరూ తగిలించరు.

‘ఎన్ కాంబియో’, ‘ఆ కాంబియో దె’ ఒకటేనా?

కాదు. ఎన్ కాంబియో అంటే ‘అదే ఫలానా అయితే’ అని పోల్చి చెప్పడం: అన్నకు కాఫీ ఇష్టం, తమ్ముడికి మాత్రం టీ. ఆ ‘మాత్రం’ ఇది. ఆ కాంబియో దె అంటే ‘బదులుగా’. ఒప్పంద పత్రాల్లో రెండోది చాలా వస్తుంది, దాన్ని మొదటిదిగా చదివితే ఎవరు ఎవరికి ఏమివ్వాలో తలకిందులవుతుంది.

రెకాంబియో అని బోర్డు చూశాను, మళ్ళీ మారకం కొట్టా?

స్పెయిన్‌లో అది స్పేర్ పార్టుల కొట్టు. పాడైన ముక్క తీసి పెట్టే ముక్క రెకాంబియో, మామూలుగా బోర్డు మీద బహువచనంలో ‘రెకాంబియోస్’ అని ఉంటుంది. లాటిన్ అమెరికాలో చాలా చోట్ల దీన్ని ‘రెపుఎస్తోస్’ అంటారు. మెదీనా దెల్ కాంపో జాతరలో వర్తకుల వడ్డీని దాచిపెట్టిన మాట ఇప్పుడు బ్రేకు ప్యాడ్లు, హెడ్‌లైటు బల్బులు అమ్ముతోంది. డాలర్లు మార్చుకోవాలంటే అక్కడ కాదు, ఆ వీధిలోనే ఇంకొంచెం ముందుకెళ్ళి కాసా దె కాంబియో ఎక్కడో అడగండి.